స్లైడ్ షోలో ఆడియో: రికార్డింగ్ నుంచి టైమింగ్ దాకా వరసగా

"పవర్‌పాయింట్‌లో గొంతు పెట్టాను. కానీ బొమ్మ ముందే వెళ్లిపోతోంది, మాట వెనకాల వస్తోంది. ఎలా కుదర్చాలి?" శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల టీచర్లూ డిగ్రీ విద్యార్థులూ మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్న ఇది. చాలామంది ముందు స్లైడ్లు చేసుకుని, వాటి మీద గొంతు అతికించి, ఆ పైన టైమింగ్‌తో కుస్తీ పడుతున్నారు. ఈ వరసే తిరగబడాలి. ముందు ఆడియో పూర్తిగా తయారవ్వాలి. కత్తిరింపు, శబ్దాల శుభ్రత, గొంతు మట్టం (ఎంత గట్టిగా వినిపించాలో) అన్నీ అయ్యాకే స్లైడు దాని వెంట నడవాలి. ఈ ఒక్క మార్పుతో సగం చిక్కులు అసలు పుట్టవు.

ఉదాహరణగా పొందూరు ఖద్దరు మీద పది స్లైడ్ల షో అనుకుందాం. అందులో వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం, మగ్గం మీద నేయడం వస్తాయి. మాస్టారి వ్యాఖ్యానం, నూలు వడికే ఒక మామ్మ మాటలు, రాట్నం చప్పుడు, మూడు రకాల ఆడియో ఉంటుంది. మీ విషయం తేలినీలాపురం పక్షులైనా, బొబ్బిలి వీణ తయారీ అయినా అడుగులు ఇవే.

ఇక్కడ చెప్పే మెనూలు విండోస్‌లోని పవర్‌పాయింట్ 2019, ఆ తరవాతి వెర్షన్లవి. ఆడియో కత్తిరింపుకి ఉచితంగా దొరికే ఆడాసిటీ వాడదాం.

1. రాత, ఫోల్డరు

ప్రతి స్లైడుకీ చెప్పాల్సిన మాటలు విడివిడిగా రాసుకోండి. ఒక స్లైడు, ఒక పేరా, పైన నంబరు. తరవాత గట్టిగా చదువుతూ ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, సెకన్లు పక్కన రాయండి. మనసులో చదివితే లెక్క తప్పుతుంది.

నిమిషానికి ఇన్ని మాటలు అని ఇంగ్లిష్ పాఠాల్లో చెప్పే అంకెలు తెలుగుకి పనికిరావు. మన మాట పొడుగు. "చేయించుకోలేకపోయారు" అనే ఒక్క మాటకి పట్టే సమయంలో ఇంగ్లిష్‌లో నాలుగైదు మాటలు పూర్తవుతాయి.

ఒకే బొమ్మ మీద నిమిషం దాటి మాట నడుస్తుంటే ఆ స్లైడుని రెండుగా విడగొట్టండి. పిల్లలు అంతసేపు ఒకే ఫొటో చూడరు.

ఫోల్డర్లు మూడు పెట్టుకోండి:

- అసలు రికార్డింగులు (వీటిని ఎప్పుడూ ఎడిట్ చేయకూడదు)
- ఆడాసిటీ ప్రాజెక్టులు
- స్లైడులోకి వెళ్లే తుది ఫైళ్లు

తుది ఫైలు పేరు స్లైడు నంబరుతో మొదలవ్వాలి: 01, 02, 03 ఇలా. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంచితే పాత కంప్యూటర్లలో ఇబ్బంది రాదు.

2. రికార్డింగ్: ఇక్కడ పోయింది ఎడిటింగ్‌లో రాదు

ఖాళీ తరగతి గదిలో రికార్డు చేయకండి. గోడలు గొంతుని వెనక్కి కొడతాయి. ఇంట్లో పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న చిన్న గది చాలా నయం. ఫ్యాను ఆపండి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. పొందూరు, ఆమదాలవలస, విజయనగరం లాంటి చోట్ల రైలు పట్టాల దగ్గర ఇల్లయితే బండి వెళ్లేదాకా ఆగండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులు మోగుతాయి కాబట్టి ఆ వేళ వదిలేయండి.

ఫోను నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి పట్టండి. ఎదురుగా పెడితే ప, ఫ, భ పలికినప్పుడు గాలి నేరుగా మైకుకి తగిలి "ఫట్" మంటుంది. కళింగపట్నం తీరంలోనో మరో ఆరుబయటో రికార్డు చేయాల్సి వస్తే సముద్రం వైపు వీపు పెట్టి నిలబడి, ఫోను మైకు మీద పల్చటి గుడ్డ వేయండి. గాలి హోరు ఒకసారి పడిందంటే ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు.

పాటించాల్సినవి:

- ఒక్కో స్లైడుకి ఒక్కో ఫైలు
- ప్రతి ఫైలు మొదట మూడు సెకన్లు మౌనం (శబ్దం తగ్గించడానికి ఇదే ఆధారం)
- మాట ముగిశాక రెండు సెకన్లు ఆగి అప్పుడు స్టాప్
- తడబడితే ఆపకుండా ఒక చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చెప్పడం

ఆ చప్పట్లు ఆడాసిటీ తెరమీద నిలువు గీతలా కనిపిస్తాయి. ఎక్కడ కోయాలో వెతుక్కోనక్కర్లేదు.

పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసేటప్పుడు కాగితం చేతికివ్వకండి. "మామ్మా, నువ్వు రోజూ చేసే పనే, నీ మాటల్లోనే చెప్పు" అంటే చాలు. వాళ్ల గొంతు ఎక్కడ వినిపిస్తారో ముందే చెప్పి, సరేనన్నాకే రికార్డు నొక్కండి. మాట్లాడేటప్పుడు రాట్నం ఆపించండి. రాట్నం చప్పుడు విడిగా ఒక నిమిషం తీసుకోండి. గొంతూ చప్పుడూ ఒకే ఫైలులో కలిసిపోతే వేటి మట్టమూ మన చేతిలో ఉండదు.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా వచ్చినది వాడాల్సి వస్తే ఒక ఇబ్బంది ఉంది. అది ఓపస్ ఫైలు, విండోస్ పవర్‌పాయింట్ నేరుగా తీసుకోదు. వీఎల్‌సీ ప్లేయర్‌లో మీడియా మెనూలోని కన్వర్ట్ ఆర్ సేవ్ ద్వారా ఎంపీ3గా మార్చుకోవచ్చు. అంతకన్నా మంచి దారి, ఫోన్‌లోని రికార్డర్ యాప్‌తో రికార్డు చేసి, ఆ ఫైలుని డాక్యుమెంట్‌గా పంపమనడం. అప్పుడు నాణ్యత దిగదు.

3. ఆడాసిటీలో కత్తిరింపు

ఈ వరస మార్చకండి: శబ్దం తగ్గించడం, కోయడం, మట్టం సరిచేయడం, ఎగుమతి. ముందే కోసేస్తే మొదటి మూడు సెకన్ల మౌనం పోతుంది, శబ్దం తగ్గించడానికి నమూనా మిగలదు.

శబ్దం తగ్గించడం. మౌనంగా ఉన్న ముక్కని సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో నాయిస్ రిడక్షన్ తెరిచి, గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కండి. తరవాత కంట్రోల్ ఏతో మొత్తం సెలెక్ట్ చేసి, అదే ఎఫెక్ట్ మళ్లీ తెరిచి వర్తింపజేయండి. 6 డెసిబెల్స్‌తో మొదలుపెట్టి వినండి, చాలకపోతే 12 దాకా వెళ్లండి. అంతకు మించితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఈ పద్ధతి ఫ్యాను, ఫ్రిజ్ లాంటి ఒకే తీరు మోతకే పనిచేస్తుంది. ఆటో హారను, కుక్క అరుపు పడితే ఆ వాక్యం మళ్లీ రికార్డు చేయడమే.

కోయడం. చప్పట్ల గీత దగ్గరికి జూమ్ చేయండి. తప్పు వాక్యం మొదలు నుంచి చప్పట్లు పూర్తయ్యేదాకా సెలెక్ట్ చేసి, జడ్ మీట నొక్కి, డిలీట్ చేయండి. జడ్ నొక్కితే సెలెక్షన్ అంచులు ధ్వని తరంగం సున్నాని దాటే చోటికి జరుగుతాయి, అతుకు దగ్గర "టిక్" మనదు. ఎప్పుడూ మౌనం మధ్యలో కోయండి, మాట అంచున కాదు.

తెలుగులో ఇంకో జాగ్రత్త ఉంది. పత్తి, చుట్ట, ఎత్తి లాంటి మాటల్లో ద్విత్వం పలికే ముందు నోట్లో గాలి ఒక క్షణం ఆగుతుంది. తెరమీద అది మౌనంలాగే కనిపిస్తుంది. ఖాళీ అనుకుని అక్కడ కోస్తే "పత్తి" కాస్తా "పతి" అయిపోతుంది. పొందూరు షోలో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో చూసుకోండి! ఇదే కారణంగా ట్రంకేట్ సైలెన్స్ (మౌనాలని తనంతట తానే కుదించే ఎఫెక్ట్) వాడేటప్పుడు కనీస వ్యవధి అర సెకను కంటే తగ్గించకండి. నా మటుకు నేను దాన్ని వాడను. మౌనాలని చేత్తో చూసి తగ్గించడమే తెలుగుకి క్షేమం.

పెద్దవాళ్ల మాటలో ఎంత కోయాలి? దగ్గు, మళ్లీ మళ్లీ వచ్చిన వాక్యం, బయటివాళ్ల మాట తీసేయండి. "మరేటంటే", "ఏటి" లాంటివి మాత్రం ఏరి పారేయకండి. మామ్మ ఊపిరి తీసుకుని తరవాతి మాట వెతుక్కునే చోటు అది. అక్కడే ఇది మన ప్రాంతపు గొంతని వినేవాళ్లకి తెలుస్తుంది. వరసగా మూడొస్తే ఒకటి ఉంచండి. యాసని పాఠ్యపుస్తకం భాషలోకి దిద్ది మాస్టారి గొంతుతో మళ్లీ చెప్పించడం నాకు ససేమిరా నచ్చదు. ఆమె మాటకి బలం ఆ యాసలోనే ఉంది.

మట్టం. మాస్టారి గొంతు గట్టిగా, మామ్మ గొంతు సన్నగా ఉంటే చూసేవాళ్లు ప్రతి స్లైడుకీ వాల్యూమ్ తిప్పుకోవాలి. ఎఫెక్ట్ మెనూలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ తెరిచి, మైనస్ 18 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే అంకె) పెట్టి అన్ని ఫైళ్లకీ అదే వాడండి. అంకె అటూ ఇటూ అయినా పర్లేదు, అన్నిటికీ ఒకటే ఉండాలి. వ్యూ మెనూలో షో క్లిప్పింగ్ ఆన్ చేసి చూడండి. ఎర్ర గీతలు కనిపిస్తే శబ్దం హద్దు దాటిందని అర్థం. అన్‌డూ చేసి, మట్టం రెండు మూడు అంకెలు దించి (మైనస్ 20 లేదా 21కి) అన్ని ఫైళ్లకీ మళ్లీ వర్తింపజేయండి.

ఎగుమతి. మొదట అర సెకను, చివర ఒక సెకను మౌనం ఉంచి, మోనో, 44100 హెర్ట్జ్, ఎంపీ3 128 కేబీపీఎస్‌లో ఎగుమతి చేయండి. నిమిషానికి దాదాపు 1 ఎంబీ అవుతుంది. అదే నిమిషం మోనో వేవ్ ఫైలైతే 5 ఎంబీ దాకా వెళ్తుంది. ప్రాజెక్టుని కూడా సేవ్ చేసి ఉంచండి.

4. పవర్‌పాయింట్‌లో పెట్టడం

ఇన్సర్ట్, ఆడియో, ఆడియో ఆన్ మై పీసీ. ఫైలు ఎంచుకునేటప్పుడు ఇన్సర్ట్ పక్కనున్న చిన్న బాణంలో లింక్ టు ఫైల్ ఎంచుకోకండి. లింకు పెడితే ఆడియో మీ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది, బడిలో షో మూగబోతుంది.

స్పీకర్ బొమ్మ మీద క్లిక్ చేస్తే ప్లేబ్యాక్ ట్యాబ్ వస్తుంది. అక్కడ:

- స్టార్ట్ దగ్గర ఆటోమేటికల్లీ
- హైడ్ డ్యూరింగ్ షో టిక్
- గొంతుకి ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ పావు సెకను మించకూడదు
- వాల్యూమ్ అన్ని స్లైడ్లలోనూ ఒకే స్థాయి

స్టార్ట్ దగ్గర వెన్ క్లిక్డ్ ఆన్ ఎంచుకుని హైడ్ టిక్ చేస్తే షోలో ఆ బొమ్మ కనిపించదు, నొక్కడానికి చోటే ఉండదు. ఈ రెండూ కలవకుండా చూసుకోండి.

ట్రిమ్ ఆడియో ఇక్కడే ఉంటుంది. అది రెండు చివర్లనే కత్తిరిస్తుంది, మధ్యలో ముక్క తీయలేదు. పైగా కత్తిరించిన భాగం ఫైలులోంచి పోదు, దాగి ఉంటుంది అంతే. షో అందుకున్నవాళ్లు ట్రిమ్ వెనక్కి లాగి ఆ మాటలు వినగలరు. మామ్మ ఇంటి విషయం ఏదైనా రికార్డులో పడి, దాన్ని ట్రిమ్‌తో మాత్రమే తీసి ఉంటే ఇది చిన్న సంగతి కాదు. అలాంటివి ఆడాసిటీలోనే పూర్తిగా కోసేయండి. లేదా ఫైల్, ఇన్ఫో, కంప్రెస్ మీడియా నడిపితే కత్తిరించిన భాగాలు తొలగిపోతాయి. ముందు ఒక కాపీ దాచుకోండి.

5. మాటకి బొమ్మ కలపడం: బుక్‌మార్కులు

షోకి ప్రాణం ఇక్కడే ఉంది. నాలుగో స్లైడులో మాస్టారు ఇలా చెప్తున్నారనుకోండి: "వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చెత్త తీసేస్తారు." స్లైడులో రెండు బొమ్మలున్నాయి. ఒకటి దవడ ఎముక, రెండోది దువ్వుతున్న చేతులు. ఏది ఎప్పుడు రావాలి?

తెలుగు వాక్యంలో వస్తువు ముందు వస్తుంది, క్రియ చివర వస్తుంది. వాక్యం పూర్తయ్యాక బొమ్మ చూపిస్తే వినేవాళ్లు అప్పటికే ఊహించుకోవడం అయిపోయి ఉంటుంది. అందుకే దవడ బొమ్మ "వాలుగ" అనే మాటకి, చేతుల బొమ్మ "దువ్వి" అనే మాటకి రావాలి. ఆ మాటకి పావు సెకను ముందే వస్తే ఇంకా హాయి. కన్ను బొమ్మని చేరుకునేసరికి చెవిలో మాట పడుతుంది.

చేసే తీరు:

- స్పీకర్ బొమ్మ కింద ప్లే నొక్కి వినండి. "వాలుగ" వచ్చే చోట ఆపండి.
- పాజ్‌లో ఉండగానే పావు సెకను వెనక్కి జరిపి, ప్లేబ్యాక్ ట్యాబ్‌లో యాడ్ బుక్‌మార్క్ నొక్కండి. చుక్క పడుతుంది.
- "దువ్వి" దగ్గర ఇంకో చుక్క.
- దవడ ఫొటోని సెలెక్ట్ చేసి, యానిమేషన్స్‌లో ఫేడ్ ఇవ్వండి. వ్యవధి అర సెకను చాలు.
- ట్రిగ్గర్, ఆన్ బుక్‌మార్క్, మొదటి చుక్క. రెండో ఫొటోకి రెండో చుక్క.
- యానిమేషన్ పేన్ తెరిచి ఆడియో అన్నిటికన్నా పైన ఉందో లేదో చూడండి.

బుక్‌మార్కులు ఆడియోకి అంటుకుని ఉంటాయి. ఆడియో ఫైలు తీసేసి కొత్తది పెడితే చుక్కలన్నీ పోతాయి, ట్రిగ్గర్లూ పోతాయి. కత్తిరింపు ముందే పూర్తవ్వాలని మొదట్లో చెప్పింది ఇందుకే.

చుక్కలకి బదులు డిలే పెట్టి సెకన్లు లెక్కేసే పద్ధతి కూడా ఉంది. రెండు మూడు బొమ్మలకి పర్లేదు. అంతకు మించితే మధ్యలో ఒకటి మార్చినా కిందివన్నీ మళ్లీ లెక్కేయాలి.

6. ఒక స్లైడు నుంచి ఇంకో స్లైడుకి

ట్రాన్సిషన్స్ ట్యాబ్‌లో అడ్వాన్స్ స్లైడ్ దగ్గర ఆఫ్టర్ టిక్ చేసి సమయం రాయండి. లెక్క ఇది: ఆడియో నిడివికి ఒక సెకనో ఒకటిన్నర సెకనో కలపడం. ఆడియో 38 సెకన్లయితే 00:39.50 రాయండి. మామ్మ మాటల స్లైడుకి రెండు సెకన్లు కలపండి, ఆ మాట కొంచెం నిలవనివ్వాలి.

ట్రాన్సిషన్ వ్యవధి ముప్పావు సెకను లోపు ఉంచండి. షో దానంతటదే నడవాలంటే ఆన్ మౌస్ క్లిక్ టిక్ తీసేయండి, పొరపాటున చేయి తగిలినా స్లైడు దూకదు.

రిహార్స్ టైమింగ్స్ బటన్ చూసి మురిసిపోకండి. అది నడిపి చివర ఎస్ అంటే, మీరు చేత్తో రాసిన అంకెల మీద కొత్తవి పడతాయి. ఎదురుగా నిలబడి మాట్లాడే షోకి అది బాగుంటుంది, రికార్డు చేసిన షోకి వద్దు.

ఆడాసిటీ అంతా వద్దు, నేరుగా పవర్‌పాయింట్‌లోనే రికార్డు చేస్తామంటే స్లైడ్ షో ట్యాబ్‌లోని రికార్డ్ ఉంది. గొంతూ టైమింగూ కలిసే పడతాయి. స్లైడు మారుతున్న క్షణంలో మాత్రం రికార్డింగ్ జరగదు. కొత్త స్లైడు పూర్తిగా వచ్చాక ఒక క్షణం ఆగి మాట్లాడండి, లేకపోతే మొదటి అక్షరాలు మింగేస్తుంది. ఒక స్లైడు చెడితే ఆ ఒక్కటే ఫ్రమ్ కరెంట్ స్లైడ్‌తో మళ్లీ తీసుకోవచ్చు.

7. వెనక వినిపించే చప్పుడు

రాట్నం చప్పుడు మూడో స్లైడు నుంచి ఆరో స్లైడు దాకా సన్నగా వినిపించాలనుకుందాం. చప్పుడు ఫైలుని మూడో స్లైడులో పెట్టి, యానిమేషన్ పేన్‌లో దాని ఎఫెక్ట్ ఆప్షన్స్ తెరిచి, స్టాప్ ప్లేయింగ్ దగ్గర ఆఫ్టర్ 4 స్లైడ్స్ రాయండి. మొదలయ్యేది విత్ ప్రీవియస్ ఉండాలి. ఫైలు ఆ నాలుగు స్లైడ్లకి సరిపడా పొడుగు లేకపోతే లూప్ అంటిల్ స్టాప్‌డ్ టిక్ చేయండి.

ప్లే ఇన్ బ్యాక్‌గ్రౌండ్ బటన్ నొక్కితే షో చివరిదాకా మోగుతూనే ఉంటుంది, ఈ పనికి అది కాదు.

చప్పుడు మట్టం ఆడాసిటీలోనే గొంతు కంటే 18 నుంచి 20 డెసిబెల్స్ దించి తెచ్చుకోండి. మీకు మరీ తక్కువనిపిస్తుంది. హాలులో సరిగ్గా ఉంటుంది. మామ్మ మాట్లాడే స్లైడులో అసలు పెట్టకండి.

సినిమా పాటల ట్యూన్లు వద్దు, హక్కులు వేరొకరివి. విజయనగరం సంగీత కళాశాలలో వీణో వయొలినో నేర్చుకునేవాళ్లు తెలిసి ఉంటే, అడిగి, ఒప్పుకుంటే, రెండు నిమిషాల వాయిద్యం రికార్డు చేసుకోండి. పేరు చివరి స్లైడులో వేయండి.

8. తరచూ వచ్చే చిక్కులు

ఇంట్లో మోగింది, బడిలో మోగలేదు. ఆడియో లింకుగా పెట్టి ఉంటారు. తీసి మళ్లీ ఇన్సర్ట్ చేయండి. ఫైల్, ఇన్ఫోలో ఆప్టిమైజ్ కంపాటిబిలిటీ కనిపిస్తే అది కూడా నడపండి.

ప్రొజెక్టర్ తగిలించగానే శబ్దం మాయం. హెచ్‌డీఎంఐ తీగతో శబ్దం ప్రొజెక్టర్‌కి వెళ్లిపోయింది. కింద పట్టీలోని స్పీకర్ గుర్తు మీద నొక్కి అవుట్‌పుట్ మార్చండి.

బ్లూటూత్ స్పీకర్‌లో మాట ఆలస్యం. అది దాని స్వభావం. మౌనంలో నిద్రపోయి తరవాతి మొదటి మాట మింగేస్తుంది కూడా. తీగ స్పీకర్ వాడండి.

రెండు గొంతులు కలిసి వినిపిస్తున్నాయి. పాత నెరేషన్ మిగిలిపోయింది. రికార్డ్ బటన్ కింద క్లియర్‌లో క్లియర్ నెరేషన్ ఆన్ కరెంట్ స్లైడ్ నొక్కండి. అయితే దానికి ముందు ఫైలు కాపీ చేసుకుని, తీసేసింది సరైనదో కాదో విని చూడండి.

స్లైడు తనంతట కదలడం లేదు. సెటప్ స్లైడ్ షోలో మాన్యువల్లీ ఎంచుకుని ఉంటుంది. యూజింగ్ టైమింగ్స్‌కి మార్చండి.

వాట్సాప్‌లో పంపితే ఫోన్‌లో బొమ్మలే వస్తున్నాయి. ఫోన్లలో షో నడుస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. ఫైల్, ఎక్స్‌పోర్ట్, క్రియేట్ ఎ వీడియో, యూజ్ రికార్డెడ్ టైమింగ్స్ అండ్ నెరేషన్స్. టైమింగ్ రాయని స్లైడు ఏదైనా ఉంటే దానికి ఐదు సెకన్లు వేసుకుంటుంది, కాబట్టి ముందే అన్నీ చూసుకోండి. వీడియోని డాక్యుమెంట్‌గా పంపండి.

గూగుల్ స్లైడ్స్‌లో చేయొచ్చా? చేయొచ్చు, పరిమితులతో. ఎంపీ3గానీ వేవ్‌గానీ ముందు డ్రైవ్‌లోకి ఎక్కించాలి. అక్కడ కత్తిరించే వీలు లేదు. షో చూసేవాళ్లకి ఆడియో ఫైలు మీద కూడా అనుమతి ఇవ్వాలి, లేకపోతే వాళ్లకి వినిపించదు.

9. చూపించే రోజు

- షో ఫైలు, దాని వీడియో రెండూ పెన్‌డ్రైవ్‌లో, ల్యాప్‌టాప్‌లో
- తీగ స్పీకర్, దాని అడాప్టర్, పొడుగు పవర్ తీగ
- ల్యాప్‌టాప్ పూర్తి ఛార్జింగ్. కరెంటు పోతే స్పీకర్‌కి ఇన్వర్టర్ ఉందో లేదో ముందే అడగడం
- విండోస్ నోటిఫికేషన్ శబ్దాలు ఆపడం
- వాల్యూమ్ మామ్మ మాటల స్లైడుతో సరిచూడటం, చివరి వరసలో నిలబడి వినడం

ఖాళీ హాలులో సరిపోయిన శబ్దం పిల్లలు నిండాక తగ్గినట్టు వినిపిస్తుంది, కాబట్టి ఒక మెట్టు ఎక్కువే ఉంచండి. అక్కడికక్కడ ఏదైనా టైమింగ్ మార్చాల్సి వస్తే దాని ముందు స్లైడుకి వెళ్లి షిఫ్ట్ ఎఫ్5 నొక్కి, ముందుదీ మార్చిందీ తరవాతదీ మూడూ కలిపి నడిపి చూడండి. మార్చిన స్లైడు ఒక్కదాన్నే చూస్తే అతుకు దగ్గర తప్పు కనిపించదు.